తలుపు లేని రాజ్యం

మొన్న, వరసగా ఒంటిగదులున్న మా కామాటిపురా చాల్ కట్టడాన్ని పడగొట్టి కొత్తది కడతామంటూ కొలతలవాళ్లు వచ్చి, ఒక్కో తలుపు మీద ఎర్ర రంగుతో ఒక్కో నంబరు వేసుకుంటూ పోతుంటే, యాభై ఏళ్ల కిందట ఇదే వరండాలో మా పెదనాన్న కొడుకు మమ్మల్ని నిలబెట్టి రాజ్యాలు లెక్కపెట్టిన రోజులు కళ్ల ముందు తిరిగాయి. నా వయసువాళ్లు వింటే నవ్వరు. మనమంతా ఏదో ఒక దేశాన్ని కల్పించుకుని పెరిగినవాళ్లమే కదా.

మా దేశం పేరు గవ్వల సీమ. వరండాలు దానికి నదులు, అందరి కుళాయి సముద్రం, ఒక్కో గది ఒక్కో రాజ్యం. మూడో అంతస్తు మంచుకొండల ప్రాంతం, ఎండాకాలంలో ఆ రేకుల కింద ఉడికిపోయేవాళ్లు అలా అనుకుంటేనైనా కాస్త చల్లగా ఉంటుందని. ఆదివారం ఆదివారం మా అన్న, ఆ పెదనాన్న కొడుకే, కుళాయి గట్టెక్కి, వేళ్లు మడుస్తూ లెక్క చెప్పేవాడు, మొత్తం పద్దెనిమిది రాజ్యాలు. మాది పంతొమ్మిదోది కావాలి, కాలేదు. మేము మెట్ల కింద గోనె పరదా వెనక ఉండేవాళ్లం. తలుపు ఉంటేనే రాజ్యమని వాడి నియమం.

నా ఏడుపు చూడలేక, తాపీ పనికి వెళ్లే మా నాన్న వర్లిలో కూలుస్తున్న ఒక కట్టడం దగ్గర పాత తలుపు అడిగి తీసుకుని, నెత్తిన పెట్టుకుని అంత దూరం నడిచి వచ్చాడు. బిగించడానికి చట్రం లేదు, అందుకని గోడకు ఆనించి నిలబెట్టాడు. ఆ ఆదివారం అన్న వచ్చి దాన్ని కాలితో ఒక్క తన్ను తన్నాడు.

"ఇది దర్వాజ గాదు, ఉత్త పల్క. లెక్కల రాదు పో."

పిల్లలంతా విరగబడి నవ్వారు. నాన్న తలుపు లేపి మళ్లీ ఆనించాడు. వాడి మీద నేను పగ పట్టింది ఆ రోజే.

తరవాత మాకూ మొదటి అంతస్తులో గది దొరికింది, నేను ఇప్పటికీ అందులోనే ఉన్నాను. అన్నకు పక్కపక్కనే రెండు గదులు. పెద్దకొడుకు పెళ్లప్పుడు బీరువా పెట్టుకోవడానికి ఒక తలుపు ఇటుకలతో మూసేసి, మధ్య గోడకు దారి కొట్టించాడు. ఇప్పుడు కొత్త కట్టడంలో తలుపుకొక ఇల్లు ఇస్తారట, వాడికేమో ఇద్దరు కొడుకులు. రెండు తలుపులు ఉండేవని చెప్పగల పాతమనిషిని చాల్ మొత్తానికి నేనొక్కదాన్నే మిగిలాను. కొలతలవాడి ముందే నా చేతులు పట్టుకుని, "చెల్లె, నువ్వొక్క మాట జెప్పు, రెండు దర్వాజలుండె గదా" అని బతిమాలాడు.

"దర్వాజ ఉంటెనే లెక్కల వస్తది అన్నా. గా కానూన్ నువ్వు వెట్టిందే."

కొలతలవాడు నా వైపు చూస్తే ఒక వేలు చూపించాను. ఒక్క నంబరే వేసి పక్క గదికి వెళ్లిపోయాడు. అబద్ధమెందుకు, ఆ పూట నేను రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

ఇప్పటి పిల్లలు మరాఠీలోనే ఆడుకుంటారు, మరాఠీలోనే కొట్లాడుకుంటారు, గవ్వల సీమ సంగతి వాళ్లకేం తెలుసు! చాల్ పడగొట్టేలోగా ఆ రాజ్యాల పేర్లైనా రాసి పెడదామని కాగితం తీసుకుని, మెట్ల కింద మా రాజ్యాన్ని అన్నిటికంటే పైన రాశాను. మిగతావి ఎన్నిసార్లు తలచుకున్నా పదిహేడే వస్తున్నాయి. ఆ ఒక్క పేరు గుర్తున్నవాడు ఇంకెవరైనా ఉంటే అన్నే. మెట్ల మీద ఎదురైతే మొహం తిప్పుకుని పోతున్నాడు. నేనూ అడగను.