చీరల అవతలి నాలుగు సాళ్ళు

మా ఆయన పేరు భీమయ్య. అమరచింత దగ్గర, తెల్లరాయి గుట్ట కింద మాకు మూడెకరాల చెల్క ఉంది. ఏటా కంది వేస్తం. మొలకలు లేవంగనే గుట్ట మీది జింకలు దిగొస్తయి. అందరి లెక్కనే మేమూ చేను చుట్టూ పాత చీరలు కట్టేటోళ్లం. ఆయన మాత్రం గుట్ట దిక్కు, చీరల అవతల నాలుగు సాళ్ళు పెసర వేసేటోడు. అవి జింకలకు. పక్క చేను రామన్న ఆటపట్టించేటోడు.

"అల్లుండ్లు వస్తుండ్రా ఏంది భీమన్నా, ముందే వడ్డించి పెట్టినవ్?"

కడుపు నిండితే లోపలికి రావులే అని ఆయన నవ్వేటోడు. నిజం చెప్పాలంటే వచ్చేటివి. చీరల మీంచి ఎగిరి మరీ వచ్చేటివి. అయినా మళ్లొచ్చే ఏడాది ఆ నాలుగు సాళ్ళు పడాల్సిందే. బువ్వ తినుకుంట వాటి ముచ్చట్లే చెప్తుండె. నల్లపోతు ఇయ్యాల కనవడలేదని, కుంటిదానికి పిల్ల పుట్టిందని. నేను ఊ కొడుతుంటి.

ఆరేండ్ల కింద ఎవరో ఆ జింకల ఫొటో పేపర్ల వేయించిండ్రు. వారం తిరగకముందే జీపుల మీద వేటగాళ్లొచ్చి, వలలు పన్ని ఏడింటిని పట్టుకపోయిండ్రు. ఆయన రెండు దినాలు బువ్వ ముట్టలే. అప్పటి సంది ఊరంతా ఒక్క మాట మీదుంది: కొత్తోళ్లు అడిగితే జింకలు లేవనాలె.

పోయినేడు గుట్ట మీద గని పెడతరని, అక్కడ ఏమేం జంతువులున్నయో రాసుకోను ఇద్దరొచ్చిండ్రు. ఎందుకు అడుగుతుండ్రో అప్పుడు మాకు సక్కగ తెల్వదు. ఆయన లేవన్నడు, కాయితం మీద సంతకం చేసిండు. జంతువులు లేవని రాస్తే తవ్వనీకి అడ్డముండదని తర్వాత తెలిసింది. అప్పటికే గుండె నొప్పితోని వనపర్తి దవాఖానల ఉన్నడు. సంతకం పెట్టిన, సంతకం పెట్టిన అని రెండుమార్లు అన్నడు. నేను చెయ్యి పట్టుకున్న. మూడో దినం పోయిండు.

ఈ వానకాలం శైలజ అని ఒక పిల్ల వచ్చింది. గని తవ్వకముందు జంతువుల లెక్క మళ్ల రాస్తరట. ఊర్ల అందరూ పాత మాటే చెప్పిండ్రు. మా ఇంటికొచ్చి, మీ ఇంటాయన గూడ లేవనే చెప్పిండమ్మా అని కాయితం చూపించింది. పలక మీద దిద్దినట్టు ఆయన అక్షరాలు. ఉన్నయంటే పోయిన మనిషిని నేనే అబద్ధాలోణ్ణి చేసినట్టు. లేవంటే ఆయన పాణం పెట్టుకున్న జీవాలు గుట్టతోని పోతయి.

"మా ఆయన అబద్ధం చెప్పిండు బిడ్డా," అన్న. "వాటిని దాచిపెట్టనీకి చెప్పిండు. గది గూడ రాయి."

ఆ పిల్ల రాసుకున్నది. పేపరోళ్లకు ఊరి పేరు ఇయ్యనని చెప్పింది.

మాట తప్పినవని ఆ దినమంతా ఎవరూ నాతో మాట్లాడలే. తెల్లారి రామన్న మా వాకిట్లకొచ్చిండు. నా మొకం చూడకుంట, శైలజ ఎక్కడున్నదని అడిగిండు. పంచాయతీ ఆఫీసు కాడున్నదని చెప్పిన. నన్ను గూడ రమ్మన్నడు. అక్కడ ఆమె ముందర నిలబడి, నా ముందరనే చెప్పిండు.

"నా చేన్ల గూడ మేస్తయమ్మా, రాసుకో. ఒక్క భీమన్న మీదనే ఎందుకు రాస్తవు? అబద్ధం మేమందరం చెప్పినం."