మూఢంలో అమ్మిన పేరు

మా బావ ఫిషింగ్ హార్బర్‌లో మరపడవ మీద ఉన్న తన వాటాను వాళ్లన్నకు అమ్మేసి, ఆ డబ్బుతో ఇంటర్నెట్‌లో మూడక్షరాల డాట్‌కామ్ పేరు ఒకటి కొన్నాడు. పొట్టి పేర్లన్నీ అయిపోయాయి, ఎంత పెద్ద కంపెనీ అయినా రేపు మన గుమ్మం తొక్కాల్సిందే అనేవాడు. అక్క ఏడ్చింది. నేను వాదించాను. ఏళ్లు గడిచినా ఆ పేరు ఎవరూ అడగలేదు.

కిందటి వేసవిలో, వేట నిషేధం నడుస్తుండగా, ఒక విదేశీ కంపెనీ మధ్యవర్తి ద్వారా అడిగింది. వాటా తిరిగి కొనుక్కున్నాక కూడా ఇంకా మిగిలేంత ధర. అయితే బదిలీకి కావలసిన కోడ్ వారంలోగా పంపకపోతే వేరే పేరు చూసుకుంటామన్నారు. పడవలు మళ్లీ సముద్రంలోకి కదిలేలోగా డబ్బు తేకపోతే వాటా ఇంకొకరికి ఇచ్చేస్తానని వాళ్లన్న తేల్చేశాడు.

బావ కోడ్ పంపలేదు. శుక్రమూఢమట.

"శుక్రుడికి డాట్‌కామ్ అంటే తెలుసా బావా?" అన్నాను.

"మూఢంలో కొత్త పడవ దింపుతారేటి? ఇదీ అంతే. నీ సభల్లో సెప్పుకోరా బామ్మర్దీ. నాను పంపను."

వంటగదిలోంచి అక్క అందుకుంది. "మూఢం ఎల్లీసరికి పడవా ఉండదు, పేరూ ఉండదు. అప్పుడు ఆ శుక్రుడికే వలెయ్యి!"

గ్రహాలకు మన లావాదేవీలతో పని లేదని జీవితమంతా వేదికలెక్కి వాదించినవాణ్ని. అక్క ఇంట్లో ఆ వాదం చెల్లలేదు. గడువు దగ్గరపడేకొద్దీ నాకు అన్నం సహించలేదు. కంపెనీవాళ్లు మనసు మార్చుకున్నారేమోనని గంటగంటకూ బావకు ఫోన్ చేసేవాణ్ని.

చివరికి సీతమ్మధారలో బావ నమ్మే పురోహితుడి దగ్గరికి వెళ్లాను. ఆయనకు నేనెవరో తెలుసు.

"దారి తప్పారా?" అని నవ్వాడు. సంగతి చెప్పాను.

"అమ్మేది భూమా, బండా?"

"పేరండీ. చేత్తో పట్టుకునేది కాదు. మా బావ వదులుకుంటే వాళ్లు పెట్టుకుంటారు."

ఆయన గడ్డం రుద్దుకున్నాడు. "అయితే అవతలివాళ్లకు అది నామకరణం. నామకరణానికి మూఢం పట్టింపు లేదు. పంపించమనండి."

వేదిక మీదైతే ఆ మాటను చీల్చి చెండాడేవాణ్ని. కంపెనీకి నామకరణమేమిటి? ఆ వాదమంతా మింగేసి, "మీరే ఫోన్ చేసి చెప్పండి" అన్నాను. ఆ మాట నా నోటితో మోయలేను.

బావ ఆ మధ్యాహ్నమే కోడ్ పంపేశాడు. పేరు అవతలివాళ్లకు చేరేదాకా డబ్బు మధ్యవర్తి దగ్గరే ఉంటుంది. పేరు పోయి డబ్బు రాకపోతే? నేను ఫోన్ పట్టుకుని గుమ్మంలో పచార్లు చేస్తుంటే బావ నిశ్చింతగా చేపల పులుసు తింటున్నాడు.

"శాస్త్రం ఒప్పుకుంది కదా, నీకేటిరా బయ్యం?"

డబ్బు వచ్చింది. వాటా తిరిగి వచ్చింది; పాత సొత్తు వెనక్కి తెచ్చుకోడానికి మూఢం అడ్డు కాదన్నాడు బావ. నేను లొంగిపోయానని మిత్రులు అంటున్నారు. అననీండి. అక్క కూడు పోగొట్టి నెగ్గే వాదం నాకు అక్కర్లేదు.

పడవ సముద్రంలోకి వెళ్లిన రోజు బావ నన్ను పక్కకు పిలిచాడు.

"రెండచ్చరాల పేరొకటి అమ్మకానికొచ్చిందిరా. వాటా మళ్లీ అన్నకిచ్చీసి కొనీయాలనుంది. కొనడానికి మాత్రం మూఢం ఎల్లాలంట."

అక్క నా ముఖం వైపే చూస్తోంది. ఈ మూఢం ఇంకొన్నాళ్లు సాగితే బావుణ్నని మొదటిసారి అనిపించింది నాకు.