కన్నప్ప దారం ముడులు

“బన్ను విసిరితే ఏమైపోయిందప్పా ఇప్పుడు? గున్నేనుగు ముద్దుగా తినింది కదా!”

“బన్ను సరే. కవరు కూడా ఎందుకు ఇసిరినావు?”

“కవరు విప్పేదాకా దాని తల్లి ఊరకుంటుందా? తొక్కేసుండేది.”

“అంత బయమున్నోడివి ఇంట్లో పండుకోవాల్సింది నాయనా. ఎవురు రమ్మనినారు?”

రమ్మన్నది నేనే. బన్ను విసిరిన ధనశేఖర్‌ది వేలూరులో బట్టల కొట్టు. అతన్నీ ఇంకో పదిమందినీ ఆ ఆదివారం వ్యానులో మోర్ధానా అడవికి తీసుకొచ్చాను. కాలేజీ మానేశాక, తొంభై ఏడులో, గుడియాతం బస్టాండులో ‘ఏనుగులు చూపబడును’ అని బోర్డు కట్టాను. చూపించేది మాత్రం, ఇప్పుడు అతన్ని నిలదీస్తున్న కన్నప్ప.

కన్నప్ప పరదరామి ఊళ్లో తాపీ మేస్త్రీ. మూడేళ్ల కిందట అడవి అంచున కాపలా గదికి సిమెంటు అరుగు వేశాడు. తెల్లారేసరికి పచ్చి సిమెంటు మీద ఏనుగు అడుగులు. కంట్రాక్టరు బూతులు తిడుతుంటే, ఈయన గోడ మట్టం చూసే గుండుదారం తీసి ముందుకాలి అడుగు చుట్టూ కొలిచాడు. దానికి రెండింతలు ఏనుగు ఎత్తు. అప్పటినుంచి ఒక్కో ఏనుగుకు ఒక్కో దారం, ఒక్కో ముడి. పనిసంచిలో తాపీ పక్కన పద్నాలుగు దారాలు. “కోడలి చీర కొలత తెలీదుగానీ ఏనుగు కాలి కొలత తెలుసు ఈయప్పకు” అని భార్య తంగమ్మ ఎగతాళి.

ఏనుగును చూస్తే మనిషి కాసేపు నోరు మూసుకుంటాడని ఆయన నమ్మకం. అందుకే నాతో కలిశాడు. వచ్చినవాళ్లు ఈలలు వేశారు, టపాకాయలు కాల్చారు, బ్రాందీ సీసాలు బండలకేసి కొట్టారు. ఒకడు ఏనుగులు తాగే మడుగులోనే ఉచ్చపోశాడు. వ్యానులో తిరిగొచ్చేటప్పుడు ఏనుగు లద్దెకంటే వీళ్లే ఎక్కువ కంపు కొట్టారు.

బుధవారం కన్నప్ప నన్ను వాగు ఒడ్డుకు తీసుకుపోయాడు. అతి చిన్న దారాన్ని గున్న అడుగు చుట్టూ పెట్టాడు. సరిపోయింది. పక్కనున్న లద్దెను తాపీతో చీల్చాడు. లోపల బన్ను కవరు సగం ముక్క. ఎర్రక్షరాలు ఇంకా చెదరలేదు.

“మిగతా సగం యాడ ఉండాది?” అన్నాడు.

గున్న అడుగులు ముందుకు పోలేదు, అక్కడే ఈడ్చుకుంటూ తిరిగాయి. వాటి చుట్టూ తల్లి అడుగులు.

కన్నప్ప తాపీని ఇసుకలో తుడిచి సంచిలో పెట్టుకున్నాడు.

“నాకు రాసేది రాదు. నువ్వు రాయి నాయనా. ఆ బోర్డు మీద తమిళంలోనూ తెలుగులోనూ, ఏనుగులు ఈ అడివి ఇడిచిపెట్టి పోయినాయని రాయి. అబద్దమే. పెద్దక్షరాలతో రాయి.”