మా వరండాలో కొలంబియా

మొన్న వర్షాలు పట్టిన వారంలో మా వార్డు ఆఫీసు కుర్రాడొకడు మూడంతస్తుల మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చి, నన్ను మర్యాదగా "ఊలే" అని పిలిచి, అంటే బర్మావాళ్ళ మాటలో బాబాయీ అని, మా వరండా కర్రకు వేలాడుతున్న ఆ మూడు రంగుల గుడ్డ ఏ పార్టీదో, ఏ గుంపుదో చెప్పమన్నాడు. కొలంబియా దేశానిది నాయనా అన్నాను. వాడు నా ముఖం చూశాడు, గుడ్డను చూశాడు, మళ్ళీ నా ముఖం చూశాడు. ఫుట్‌బాల్ పిచ్చా అని అడిగాడు. ఈ వయసులో నాకు మెట్లు దిగడమే పెద్ద ఆట అన్నాను. నవ్వాడు గానీ, మంచివాడు కనుక నవ్వాక గొంతు తగ్గించి, ఫుట్‌బాలైనా మరొకటైనా తీసెయ్యండి ఊలే, ఈ రోజుల్లో ఇది ఫలానాది అని వివరించి చెప్పాల్సిన గుడ్డ ఏదీ వరండాలో లేకపోవడమే మేలు అని చెప్పి వెళ్ళిపోయాడు. వాడిది తప్పని నేను అనను. వివరించాలంటే నాకు ఒక జీవితం పడుతుంది, వాడికి ఇంకా ఎక్కవలసిన మెట్లు చాలా ఉన్నాయి.

వాడికి చెప్పలేనిది మీకు చెబుతాను, మీరు నా ఈడువాళ్ళు, కూర్చున్న చోటునుంచి అంత తొందరగా లేవలేరు.

మేం బర్మాలోని మింగళ తౌంగ్‌న్యున్‌లో, రైలు కూత వినబడే వీధిలో ఉండేవాళ్ళం, ఇప్పుడూ అక్కడే ఉన్నాం. మా నాన్న అహ్లోన్ రేవులో బస్తాలు మోసి మోసి నడుం వంగాక, ఇంటి బరువు అమ్మ కుట్టుమిషను మీద పడింది. నేను నాలుగో తరగతిలోనే చదువుకు దణ్ణం పెట్టి ఆ మిషను పక్కన పీట వేసుకున్నాను. మాస్టారు ఎంతో సంతోషించారని తరవాత తెలిసింది. రేవు దగ్గర ఓడలకు బియ్యం, తాళ్ళు, సబ్బులు అందించే షాపు ఒకటి ఉండేది. ఆ షాపువాళ్ళు మా అమ్మకు ఇచ్చే పని జెండాలు కుట్టడం. ఓడ ఏ దేశపు రేవులోకి వెళితే ఆ దేశపు జెండాను తన కొయ్య మీద ఎగరెయ్యాలట, అది సముద్రం మీద మర్యాద, పరాయి ఇంటి గుమ్మం ముందు మనం చెప్పులు విడిచినట్టు. ఆ విధంగా చర్చి తప్ప మరో గడప ఎరగని మా అమ్మ చేతిమీదుగా సగం ప్రపంచం కుట్టుబడింది. జపాను సులువు, ఒక్క చుట్టు. బ్రెజిలు వస్తే మాత్రం అమ్మ ఆ పూట వంట చేసేది కాదు, ఆ చుక్కలన్నీ కుట్టేసరికి కళ్ళు లాగేవి.

మా అన్నయ్య ఓడలో ఉద్యోగానికి కుదిరాక అమ్మ మా ఇంటికొక ఆచారం పెట్టింది. అది ఏ పుస్తకంలోనూ లేదు, మా పాస్టరుగారు విని పెదవి విరిచారు కూడా. అన్నయ్య వెళ్ళే దేశాలన్నిటిలో అన్నిటికంటే దూరపు దేశమేదో కనుక్కుని, ఆ దేశపు జెండా ఒకటి కుట్టి, వాడు బయలుదేరిన పూటే వరండా కర్రకు కట్టేది. తిరిగి వచ్చినవాడు మంచినీళ్ళైనా తాగకముందే దాన్ని తన చేత్తో దింపాలి. ఇంకెవరూ ముట్టుకోకూడదు. దింపిన జెండా ఆ వారంలోనే దిండు గలీబు అయిపోయేది, మిగిలిన పీలికలు వంటింట్లోకి పోయేవి. అందుకని మా ఇంట్లో నేను ఇటలీ మీద తల పెట్టుకుని నిద్రపోయేవాణ్ణి, నాన్న గ్రీసుతో ముఖం తుడుచుకునేవాడు, అన్నం గిన్నె దింపడానికి పనామా ఉండేది. మా ఇంట్లో ఎన్ని దిండ్లుంటే అన్నిసార్లు అన్నయ్య క్షేమంగా వచ్చాడని లెక్క. అలా అందరికంటే ముందు గ్రహించింది మా వదిన. పెళ్ళై వచ్చిన కొత్తలో దిండ్లన్నీ వరసగా ఎండలో వేసి, ఒక్కొక్కటీ వేలితో లెక్కపెట్టుకుంది.

ఆఖరిసారి దూరపు రేవు కొలంబియా అని తేలింది. మూడు రంగులని చెప్పారు, పసుపు, నీలం, ఎరుపు. అమ్మ అలవాటు కొద్దీ మూడు సమానమైన పట్టీలు కత్తిరించి కుట్టేసింది. మేం అంతవరకూ కుట్టిన మూడు పట్టీల జెండాలన్నీ అలాగే ఉండేవి మరి. అన్నయ్య పెట్టె సర్దుకుంటూ అటు చూసి పకపకా నవ్వాడు.

"ఏటమ్మా ఇది? పక్కింటోడి జెండా కుట్టీసినావు!"

సంగతేమిటంటే, రెండు వందల ఏళ్ళ కిందట ఆ వైపు జనం స్పెయిను రాజును వెళ్ళగొట్టినప్పుడు అక్కడంతా ఒకే పెద్ద దేశంగా ఉండేదట, తరవాత అన్నదమ్ములు వేరుపడ్డట్టు కొలంబియా, వెనిజులా, ఈక్వడార్ అని మూడుగా విడిపోయిందట. ఆస్తి పంచుకున్నారు గానీ ఇంటిపేరు ఎవరూ వదులుకోలేదు కనుక ముగ్గురికీ అవే మూడు రంగులు. వెనిజులావాడు మూడూ సమానంగా పెట్టుకుని మధ్యలో చుక్కలు పొదిగాడు. కొలంబియావాడికి చుక్కల్లేవు, కానీ పసుపు మాత్రం సగం జెండా ఉండాలి, కింద మిగిలిన సగాన్ని నీలమూ ఎరుపూ పంచుకోవాలి. ఇదంతా అన్నయ్య ఆ రేవుల్లో తిరిగి తెలుసుకున్నదే, వాడిదీ నా చదువులాంటి చదువే.

అమ్మకు కోపం వచ్చింది. "ఒకడికి సగం ఎట్టి, ఇద్దరికి సగం ఎట్టడం ఏటి నాయంరా?"

"పెద్దకొడుకు వాటా అమ్మా అది," అన్నాడు అన్నయ్య, నాకేసి కన్ను కొట్టి. "సిన్నోడా, నువ్వూ వదినా ఆ కింద సగంలో సర్దుకోండి."

రంగులకు అర్థాలేమిటని వదిన అడిగింది. అప్పుడు వాడు రెండు కథలు చెప్పాడు, ఆ రెండూ నాకు ఈనాటికీ చెవిలో ఉన్నాయి. అమ్మకు చెప్పిన కథ పెద్దమనుషుల కథ. పసుపు ఆ నేలలో దొరికే బంగారం, నీలం వాళ్ళకూ ఆ రాజుకూ నడుమ ఉన్న సముద్రం, ఎరుపు స్వతంత్రం కోసం కారిన రక్తం. వదినకు చెప్పిన కథ వేరు. ఆ జెండాను మొదట ఊహించిన పెద్దమనిషి దేశాలు తిరిగే రోజుల్లో ఎవరో దొరసానిని చూసి మనసు పారేసుకున్నాడట, ఆమె జుట్టు పసుపు, కళ్ళు నీలం, పెదవులు ఎరుపు, ఆ వరసలోనే పైనుంచి కిందికి జెండా కుట్టించాడట. జుట్టు ఎక్కువ కనుక పసుపు ఎక్కువ అని ముక్తాయించాడు. ఏది నిజమో వాడికీ తెలియదు, వాడికి ఆ కథ చెప్పినవాడికీ తెలిసి ఉండదు. వదిన మూతి ముడుచుకుని, అయితే అక్కడ ఓడ దిగొద్దు అంది.

అమ్మ ఆ రాత్రి భోజనాల ముందే కుట్టు విప్పి, నీలాన్నీ ఎరుపునూ సన్నగా కోసి మళ్ళీ కుట్టింది. ప్రయాణం ముందు కుట్టు విప్పడం ఆమెకు బొత్తిగా ఇష్టం లేదు, సూది నోట్లో పెట్టుకుని సణుగుతూనే ఉంది. చివరికి నీలం పట్టీని వేళ్ళతో కొలిచి చూసుకుని తనకు తానే సమాధానం చెప్పుకుంది.

"పోన్లే. సముద్రం సన్నమైంది గదా. బేగి దాటి వచ్చీవచ్చు."

వాడు దాటలేదు. వెళ్ళేటప్పుడు దాటాడు, ఆ రేవులో దిగాడు, అక్కడినుంచి ఓడ బయలుదేరేటప్పుడు ఓడలోనే ఉన్నాడు. ఓ సాయంత్రం డెక్కు మీద నిలబడి సిగరెట్టు కాలుస్తుండగా చూసినవాళ్ళున్నారు, తెల్లవారి చూసినవాళ్ళు లేరు. ఓడల ఏజెంటు దగ్గరనుంచి వచ్చిన మనిషి మా నాన్న ముందు కూర్చుని ఇంతే చెప్పాడు, ఇంతకంటే అతనికీ తెలియదు. శవం లేదు, సమాధి లేదు. చర్చిలో ఏ ప్రార్థన చెయ్యాలో తెలియక పాస్టరుగారు సముద్రం మీద ఉన్నవాళ్ళందరి కోసం అని ఒక మాట కలిపి ఊరుకున్నారు.

నేను ఇంట్లో హాస్యగాణ్ణి. ఏడవడం చేతకాదు గనక జోకు వేశాను. ఆ పసుపు జుట్టు దొరసాని దొరికి ఉంటుందమ్మా, ఓడ దిగి ఈదుకుంటూ వెనక్కి పోయి ఉంటాడు, ఈపాటికి పసుపు జుట్టు మనవలు నీకు పుట్టేసి ఉంటారు అన్నాను. అమ్మ నవ్వింది. ఆ కబురు వచ్చాక ఆమె నవ్వడం అదే మొదలు. వదిన నవ్వలేదు గానీ, కాసేపటికి నా పక్కకు వచ్చి, నిజంగానే అలా జరుగుతుందా అని అడిగింది. మోసం చేసినా సరే, ఇంకొకతెతో ఉన్నా సరే, ఉంటే చాలని ఆ అడగడంలో ఉంది. ఆమెకు అప్పటికి పట్టుమని పాతికేళ్ళు లేవు. జరుగుతుంది వదినా అన్నాను. అప్పటినుంచి ఆ జోకు మా ఇంట్లో కాపరం పెట్టింది. మా వీధివాళ్ళు నలుగురూ చేరితే అన్నయ్య చనిపోయాడని అనేవాళ్ళు, మేం మాత్రం కొలంబియాలో ఉన్నాడనేవాళ్ళం.

జెండా దిగలేదు. ఎండకూ వానకూ ముందు ఎరుపు వెలిసి కడిగిన మాంసంలా అయ్యేది, తరవాత నీలం బూడిదగా మారేది, పసుపు మాసేది గానీ పోయేది కాదు. వానలు వెళ్ళి దీపాల పండగ వచ్చే రోజుల్లో అమ్మ కొత్తది కుట్టి, పాతది దించకుండా దాని మీదే కట్టి, లోపలిది చీకి రాలిపోయేదాకా వదిలేసేది. అమ్మ పోయాక ఆ పని నాకొచ్చింది. నాన్న పోయాడు. రేవు దగ్గర షాపు మూతపడింది, ఓడలకు ఇప్పుడు అచ్చేసిన జెండాలు కట్టలు కట్టలుగా ఎక్కడినుంచో వస్తాయట, కుట్టే చేతులతో వాటికి పని లేదు. నా పెళ్ళి మాట ఎత్తినవాళ్ళంతా ఒకరి తరవాత ఒకరు సమాధుల తోటకు వెళ్ళిపోయారు. ఇంట్లో వదినా, నేనూ, దిండ్లూ మిగిలాం. ఆమెకు కళ్ళు మసకబారి ఇప్పుడు వెలుగూ నీడా తప్ప తెలియవు. పొద్దున్నే వరండాలో ముక్కాలి పీట మీద కూర్చుని, గాలికి ఆ గుడ్డ కొట్టుకునే చప్పుడు వింటుంది. "ఉందేటి బాబూ?" అంటుంది. ఉంది వదినా అంటాను. మా ఇద్దరికీ అదే పొద్దుటి ప్రార్థన.

వార్డు కుర్రాడు వెళ్ళిన మర్నాడు, ఆమె స్నానానికి లేచినప్పుడు, నేను జెండా దింపాను. అన్నయ్య చెయ్యి తప్ప మరో చెయ్యి తగలకూడని ముడి అది, అమ్మ వేసినట్టే నేనూ ఏటేటా బిగించి వేస్తూ వచ్చాను కనుక చచ్చినా ఊడలేదు, చివరికి పళ్ళతో లాగాను. ఆ కర్రకే ఉతికిన నా పాత గళ్ళ లుంగీ కట్టాను. లుంగీ ఏ పార్టీదీ కాదు, దాన్ని ఎవరికీ వివరించక్కర్లేదు, పైగా గాలికి బాగా కొట్టుకుంటుంది. వదిన వచ్చి కూర్చుంది. ఉందేటి బాబూ అంది. ఉంది వదినా అన్నాను. గొంతు మామూలుగానే వచ్చింది, ఇన్నాళ్ళ హాస్యం ఆ మాత్రం పనికొచ్చింది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. ఆ తరవాత ఒక పొద్దున ఆమె ఎప్పటిలా అడగకుండా, తల తిప్పకుండానే అంది.

"జెండా సబ్బు వాసనేస్తంది బాబూ."

ఈసారి జోకు వెయ్యలేదు. అలా జరగడం నా జీవితంలో అరుదు. జరిగింది చెప్పాను, వార్డు కుర్రాణ్ణి గురించీ, మెట్ల గురించీ, ముడి గురించీ. ఆమె ఏడవలేదు, కోప్పడలేదు. "దింపీసినాక వారంలో గలీబు కుట్టీడం మీ అమ్మ అలవాటు గదా," అంది. "కుట్టీ మరి."

కుట్టాను. కరెంటు లేదు గానీ కాలితో తొక్కే మిషనుకు కరెంటుతో ఏం పని. జెండాను సరిగ్గా నడిమికి మడిస్తే, పసుపు సగం కనుక ఒక ముఖమంతా పసుపే వచ్చింది, నీలమూ ఎరుపూ రెండో ముఖానికి పోయాయి. అమ్మ మొదట కత్తిరించినట్టు మూడూ సమానంగా ఉండి ఉంటే అలా వచ్చేది కాదు. బంగారం పైకి ఉండేలా దిండు వేసి ఆమె పక్క సర్ది వచ్చాను. తెల్లవారి టీ పట్టుకుని వెళ్ళేసరికి దిండు తిరగేసి ఉంది. నీలానికీ ఎరుపుకూ మధ్యనున్న కుట్టును వేలితో తడిమి గుర్తుపట్టి, ఆ సన్నటి నీలం పట్టీ మీద చెంప ఆనించి పడుకుని ఉంది. తిరగబడింది వదినా, సరిచెయ్యనా అన్నాను.

"ఉండనీ. పసుపు ఆ దొరసానిది," అంది. "నీలం నాది."

ఇన్నేళ్ళూ ఆమె నా జోకును నమ్మిందనుకున్నాను, అన్నయ్య ఆ సముద్రంలోనే ఉన్నాడని ఎరిగీ, నమ్మినట్టు ఉండి నన్ను నిలబెట్టిందని ఇప్పుడు తెలిసింది. మా దిండ్లలో ఇది ఒక్కటే మనిషి రాకుండా వచ్చిన దిండు. మా వీధిలో ఇప్పుడు ఓడలకు వెళ్ళేవాళ్ళు లేరు, వెళ్ళేవాళ్ళంతా ఏ దారి దొరికితే ఆ దారిన పోతున్నారు, వాళ్ళ కోసం ఏ రంగు కట్టాలో ఇంట్లోవాళ్ళకే తెలియదు. టీ కొట్టులో పిల్లలు ఆ మూడు రంగుల ఫుట్‌బాల్ జెర్సీ వేసుకుని తిరుగుతూనే ఉన్నారు, వాళ్ళను ఎవరూ ఏమీ అనరు, అనకూడదు కూడా. మా వరండాలో మాత్రం గళ్ళ లుంగీ ఒకటి పగలంతా కొట్టుకుంటూ ఉంటుంది. వదిన ఇప్పుడు పొద్దున్నే బయటకు వచ్చి కూర్చోవడం లేదు. ఉందేటి అని ఎవరూ అడగడం లేదు గనక, నేనూ దాన్ని ఆరాక తీసి మడత పెట్టుకుంటున్నాను.