మావయ్య మీసానికి వేసిన రంగు

అవనిగడ్డలో మా మావయ్యకు అరవై ఏడు నిండిన ఏడాదే ఆరోగ్య బీమా రూల్సు మారాయి. అరవై అయిదు దాటినవాళ్లకు ప్రీమియం రెట్టింపన్నారు. కట్టేది నేను.

"యాభై తొమ్మిదని రాయిద్దాంరా. కాగితం అడిగితే ఉప్పెనలో కొట్టుకుపోయిందందాం," అన్నాడు మావయ్య. దివిసీమలో అందరం చెప్పేదే అది. నేను ఆయన మీసానికి రంగు వేశాను. ఆ నలుపు చూసి రెండు కాకులు చుట్టరికం కలుపుకోడానికొచ్చాయి, ఒట్టు.

బందరు నుంచి వచ్చిన ఏజెంటు ఫారం తీశాడో లేదో, గుమ్మంలో కొత్త పోస్ట్‌మాన్ దిగాడు, వృద్ధాప్య పింఛను మనియార్డరుతో.

"పెద్దాయన ఉన్నారాండీ?"

మావయ్య తడుముకోలేదు. "అది మా నాన్నకండీ. నాకివ్వండి."

"ఆయన వేలిముద్రే పడాలండీ. లేదంటే వెనక్కి పంపేస్తాను."

లోపల్నుంచి అత్తయ్య కేకేసింది. "మావగారు పోయి ముప్పై ఏళ్లయింది. ఆయన వేలు ఎక్కణ్ణుంచి తెస్తారు?"

మావయ్య ఏజెంటు వంక చూశాడు. పోస్ట్‌మాన్ చేతిలోని నోట్ల వంక చూశాడు. మెల్లగా బొటనవేలు చాపాడు.

"జబ్బు ఎప్పుడొస్తుందో ఏమోరా, పింఛను మాత్రం వచ్చేసింది," అన్నాడు నాతో.

ఏజెంటు పింఛను కాగితంలో వయసు చూసి, ఫారంలో అరవై ఏడు వేసి, నా వైపు చెయ్యి చాపాడు.