రెండు వేళ్ల సందు

బహ్రెయిన్‌లో, ఈ మహూజ్‌లో మా పైఅంతస్తు వాళ్లు వంటగది మార్పిస్తున్నారు. పొద్దుటి నుంచి డ్రిల్లు మోగుతూనే ఉంది. స్క్రూ లోపలికి దిగేటప్పుడు అది బరువుగా మూలుగుతుంది. వెనక్కి తిప్పి ఊడదీసేటప్పుడు తేలిగ్గా, కాస్త కీచుగా పలుకుతుంది. ఆ రెండో చప్పుడు వినబడేసరికి టీ కప్పు నా చేతిలోనే ఆగిపోయింది. నాలుగేళ్ల కిందట బుసైతీన్‌లో ఒక గురువారం పొద్దున, గోడకు బిగించి ఉన్న తొమ్మిది కబోర్డులను రాజేశన్న ఒక్కొక్కటే ఊడదీసి నేల మీద వరుసగా పెట్టాడు. మరునాడు ఇంటి యజమాని చూడటానికి వస్తున్నాడు. మా ఫోర్‌మన్ మూర్తి గారు గుమ్మంలో నిలబడి అరుస్తున్నారు. రాజేశన్న మాత్రం డ్రిల్లు ఆపలేదు.

రాజేశం జగిత్యాల వైపు వడ్రంగి. బహ్రెయిన్‌లో ఇరవై ఏళ్లు పనిచేసినా ‘దుబాయికి అచ్చి ఇరవై ఏండ్లాయె’ అనేవాడు. నేను జిల్లా పేపర్లో పదకొండేళ్లు విలేకరిగా చేసి, ఆ ఎడిషను మూతపడ్డాక ఇక్కడికి వచ్చి, రాజేశన్న పనిచేసే ఇళ్లు కట్టే కంపెనీలోనే స్టోరు చూసేవాణ్ని. నన్ను ‘పేపరాయనా’ అని పిలిచేవాడు. మాకు అప్పగించింది దుంగల ఇల్లు. ఎక్కడో చలిదేశంలో కోసిన దుంగలు కంటైనర్లో వచ్చాయి. వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి, పెద్ద బంగళా వెనక తోటలో నిలబెట్టారు. లోపల వంటగది కబోర్డులు బిగించడం రాజేశన్న పని.

ఆ పనిలో అరగంట నిలకడగా సాగింది ఎన్నడూ లేదు. తోటమాలికి నిచ్చెన కావాలి. ఏసీ బిగించేవాడికి రాజేశన్న బల్ల ఉన్నచోటే కావాలి. బంగళా పిల్లి వచ్చి రంపపు పొట్టులో పడుకునేది. ఇంటి నుంచి ఫోన్లు సరేసరి. ఒకరోజు పొలం మోటరు కాలిందని భార్య ఫోను చేసింది. ‘కాలితే నేనేమన్న ఈడికెళ్లి ఊదాల్నానే? మెకానిక్‌ను పిలువు. ఆఁ, తిన్న. పప్పే. ఎప్పుడూ పప్పే’ అన్నాడు. నేనైతే ఇన్నిసార్లు ఆపితే విసుక్కునేవాణ్ని. అతను ఎవరు పిలిచినా చేతిలో కోత పూర్తిచేసి, చెవి మీది పెన్సిలు తీసి, ఆగినచోట చిన్న గీత గీసి, అప్పుడు తిరిగి ‘ఏందే?’ అనేవాడు. ఎందుకని అడిగాను. ‘గుర్తు పెట్టకుంట లేస్తే, మళ్లచ్చి చూసేటాల్లకు అది వేరేటోని పని లెక్క కనవడ్తది’ అన్నాడు.

గోడలు లేచిన మొదటివారమే అతను ఒక గీత గోడ మీద నుంచి తలుపు చట్రం మీదికి సూటిగా గీశాడు. నెల తిరిగేసరికి రెండు ముక్కలూ కలవలేదు. గోడ మీది గీత గోరు మందం కిందికి దిగింది. ‘కట్టె ఇంక పచ్చిగనే ఉన్నది పేపరాయనా. ఏసీ గాలికి ఎండుతది, ఎండితే గోడ దిగుతది. నాలుగేండ్లకు ఏలెడు దిగుతది చూడు. మనం మీదిదాక బిగిస్తే కబోర్డు ఏడికి పోవాలె?’ అందుకే గోడకు నిలువు పట్టీలు కొట్టి, వాటిలో గుండ్రటి రంధ్రాలకు బదులు పొడుగాటి గాళ్లు చెక్కాడు. గోడ దిగుతుంటే స్క్రూలు ఆ గాళ్లలో జారాలని. పైన కప్పుకూ కబోర్డులకూ మధ్య రెండు వేళ్ల సందు వదిలాడు.

ఇంతలో అస్కర్‌లో మా కంపెనీ కూలీలుండే క్యాంపులో వంటశాల తలుపు ఊడిందని అతన్ని రెండు రోజులు అక్కడికి పంపారు. తిరిగొచ్చి చూస్తే, మూర్తి గారు వేరేవాళ్లచేత కబోర్డులను కప్పుకు ఆనించి, గాళ్లు వదిలేసి దుంగలకే స్క్రూలు దిగ్గొట్టించారు. రాజేశన్న పని ఆపినచోట పెట్టిన పెన్సిలు గీత కబోర్డు వెనక్కి పోయింది. ఆ గురువారం పొద్దున్నే డ్రిల్లు అందుకున్నాడు.

‘ఏంటయ్యా ఇది, మతిపోయిందా? డ్రాయింగ్‌లో సందెక్కడుంది?’ అన్నారు మూర్తి గారు.

‘డ్రాయింగుల కట్టె ఎండదు సార్.’

‘నీ వీసా రెన్యువల్ కాయితం నా బల్ల మీదే ఉంది. గుర్తుందా?’

‘ఉండనియ్యుండ్రి. అది గాలికి ఎగరకుంట బరువు పెట్టుండ్రి.’

ఏసీ కుర్రాడు ఫక్కున నవ్వి నోరు మూసుకున్నాడు. అప్పుడే టీ వచ్చింది. రాజేశన్న గీత గీసి, టీ తాగి, మళ్లీ డ్రిల్లు తీశాడు.

ఆ మధ్యాహ్నం మూర్తి గారు నన్ను పిలిచి, రాజేశం సామాను పాడుచేశాడని రిపోర్టు రాయమన్నారు. నా పాత పని నాకు గుర్తొచ్చింది. ఒకసారి మా ఊళ్లో బడిగోడ కూలిందని వార్త రాస్తే, మార్చమని పైనుంచి ఫోనొచ్చింది. అది ‘పాత గోడ తొలగింపు’గా అచ్చయింది. మార్చింది నా చెయ్యే. ఈసారి గాళ్ల సంగతీ, కిందికి జరిగిన గీత సంగతీ ఉన్నవి ఉన్నట్టు రాసిచ్చాను.

‘నేనడిగింది ఇది కాదు’ అన్నారాయన.

‘నేను చూసింది ఇదే సార్.’

ఆయన దాన్ని చింపేశారు. దాని నకలు ఇప్పటికీ నా సొరుగులో ఉంది.

సాయంత్రానికి కబోర్డులన్నీ మళ్లీ పట్టీల మీదికెక్కాయి, సందుతో సహా. శుక్రవారం యజమాని వచ్చాడు. ముసలాయన. సందులో రెండు వేళ్లు పెట్టి ఇదేమిటన్నట్టు చూశాడు. రాజేశన్న తనకొచ్చిన హిందీలో ‘బాబా, లకడీ సూఖేగా, దీవార్ నీచే ఆయేగా’ అని, కట్టె ఎండితే గోడ దిగుతుందని చెప్పి, తలుపు దగ్గరి గీత చూపించాడు. ముసలాయన చాలాసేపు చూసి, ఉండనివ్వమని చెయ్యి ఊపాడు. మూర్తి గారి బల్ల మీది రెన్యువల్ కాయితం మాత్రం కదల్లేదు. రెండు నెలలకు వీసా గడువు తీరి రాజేశన్న ఊరెళ్లిపోయాడు. నన్ను అస్కర్ స్టోరుకు మార్చారు. ఆ రిపోర్టు మళ్లీ రాయమన్నా ఒక్క అక్షరం మార్చను.

ఇప్పుడు ఇక్కడి మనవాళ్ల సంగతులు మా ఊరి వైపు ఇంకో పేపరుకు రాసి పంపుతుంటాను. రాస్తుండగా ఫోను మోగితే ఆగినచోట పెన్సిలు గీత పెట్టి లేస్తాను. ఫోన్లో ఎవరు ఏం మార్చమన్నా సరే, తిరిగొచ్చి ఆ గీత దగ్గరే మొదలుపెడతాను.

రాజేశన్న ఊళ్లో తలుపులు చేస్తున్నాడు. ఫోను చేసినప్పుడల్లా నా క్షేమం కంటే ముందు ‘సందు ఎంతున్నదే?’ అని అడుగుతాడు. అతను చెప్పిన నాలుగేళ్లు ఈ ఎండాకాలంతో నిండాయి. ముసలాయన పోయాక బంగళా చేతులు మారింది. రెండుసార్లు వెళ్లాను, గేటు దాటనివ్వలేదు. ఆ సందు ఎంత మిగిలిందో ఇంతవరకు ఎవరూ కొలవలేదు.