తాబేలమ్మ అనని మాట

మా వదిన చిన్నపిల్లల వార్డులో నర్సు. నేను అదే ఆసుపత్రిలో కింద మందుల కౌంటర్లో కూర్చుంటాను. ఆడపడుచునై ఉండి వదినను పొగుడుతున్నానంటే మా ఇంట్లో ఎవరూ నమ్మరు. నమ్మకపోతే పోయారు. నాకు ఒళ్లు మండేది వేరేవాళ్ల మీద.

వార్డులో పిల్లలు ఆవిడను తాబేలమ్మ అంటారు. ఆవిడ సొంతంగా అల్లిన ఒక కథ వల్ల వచ్చిన పేరది. ఉడుతపిల్ల కాలిలో ముల్లు దిగుతుంది. తీయడానికి ముసలి తాబేలు వస్తుంది. "నొప్పి పుడుతుందా?" అని ఉడుత అడుగుతుంది. "పుడుతుంది. గట్టిగానే పుడుతుంది. అరవాలనిపిస్తే అరిచెయ్. నేను మాత్రం ఎక్కడికీ పోను" అంటుంది తాబేలు. సరిగ్గా ఆ మాట దగ్గర వదిన సూది గుచ్చుతుంది. పిల్ల అరుస్తుంది, సెలైన్ ఎక్కుతుంది. మర్నాడు అదే పిల్ల అదే కథ చెప్పమని తనంతట తనే చెయ్యి చాపుతుంది. మిగతా నర్సులు నొప్పే ఉండదని బుజ్జగించి గుచ్చేవాళ్లు. వాళ్ల చెప్పుల చప్పుడు వినబడితే చాలు, పిల్లలు దుప్పట్లో దూరేవారు. "ఒక్కసారి అబద్ధమాడితే ఆ పిల్ల మళ్లీ మనల్ని దగ్గరికి రానివ్వదు" అనేది వదిన.

ఆ కథను ఎవరో తల్లి ఫోన్లో రికార్డు చేసుకుంది. పాపం, ఇంటికెళ్లాక కూడా పిల్లకు వినిపిద్దామని. అది ఆ ఫోనూ ఈ ఫోనూ తిరిగి చివరికి పిల్లల కథల యాప్ ఒకదాని చేతిలో పడింది. మందులివ్వడానికి వార్డుకు వెళ్లినప్పుడు ఒక మంచం పక్కన నేనే విన్నాను. రంగురంగుల బొమ్మలు, వెనక సంగీతం. గొంతు మా వదినదే. "ఊఁ, తర్వాతేమైందంటే" అని సాగదీయడం కూడా ఆవిడదే. సంబరపడిపోయి వంగి చూశాను. నొప్పి పుడుతుందా అని ఉడుత అడిగింది. మా వదిన గొంతు కిసుక్కున నవ్వి, "నొప్పా? ఛఛ, అస్సలు ఉండదు నాన్నా! ఉఫ్!" అంది. ఆ వెంటనే తాబేలు ఉడుత నోట్లో ఒక విటమిన్ చాక్లెట్ పెట్టింది. చాక్లెట్ పేరు తెర నిండా మెరిసింది.

తర్వాత వాకబు చేస్తే తెలిసింది. కాస్త గొంతు దొరికితే చాలట, మిషన్‌కు నేర్పిస్తే దాంతో ఏదంటే అది పలికిస్తుందట. నా పళ్లబ్రష్షుతో ఎవరో తోముకుని మళ్లీ దాని చోట్లో పెట్టేసినట్టు అనిపించింది.

వదినకు చూపించాను. ఆవిడ చివరిదాకా విని ఫోను నా చేతికిచ్చేసింది.

"ఇది నేననలేదు."

"నాకు తెలీదా వదినా?"

"నీకు తెలుసు. పిల్లలకెలా తెలుస్తుంది?"

టైపు చేయడం వదినకు ఒంటివేలి వ్యవహారం కాబట్టి, ఆవిడ చెబుతుంటే ఆ యాప్ వాళ్లకు నేను రాశాను. అడిగినవి రెండే. తాబేలు చేత నేను చెప్పిన మాటే అనిపించండి. కథ ఎవరిదో చెప్పండి.

వాళ్ల దగ్గర్నుంచి ఒకాయన ఫోన్ చేస్తే, వదిన స్పీకర్లో పెట్టింది. మాటలకు తేనె పూసుకుని మరీ వచ్చాడు. "మీ కథంటే మాకు ప్రాణం మేడమ్. కాకపోతే నొప్పి అనే మాట రాగానే పేరెంట్స్ వీడియో ఆపేస్తున్నారు. పిల్లలకు పాజిటివ్‌గా చెప్పాలి కదా."

"సూది గుచ్చేది నేనండీ, మీరు కాదు" అంది వదిన.

"మీ ఫీలింగ్స్ అర్థమయ్యాయి మేడమ్. మీ గౌరవం మా బాధ్యత."

గౌరవమట! చెవులు కడుక్కోవాలనిపించింది నాకు.

కొన్నాళ్లకు మెసేజ్ వచ్చింది. 'అభినందనలు! మీ కోరిక తీర్చాం!' తెరిచి చూస్తే అదే ఉడుత, అదే ఉఫ్, అదే చాక్లెట్. కొత్తగా చేరిందల్లా మొదట్లో పెద్ద అక్షరాలు: 'కథ, గొంతు: మన తాబేలమ్మ.' పక్కన యూనిఫాంలో వదిన ఫోటో, ఎక్కడ్నుంచి ఎత్తుకొచ్చారో ఏమో. ఛీ! అప్పటిదాకా అది ఊరూ పేరూ లేని అబద్ధం. ఇప్పుడది మా వదిన అబద్ధం. ఆసుపత్రి గ్రూపులో పెద్ద డాక్టరుగారి దగ్గర్నుంచి అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. చివరిదాకా విన్నవాళ్లు ఒక్కరుంటే ఒట్టు.

అలాంటి రోజుల్లోనే ఒక పొద్దున్న సెలైన్ సామాను పట్టుకుని పైకి వెళ్లాను. కిటికీ పక్క మంచంలో కొత్త పాప, ఐదేళ్లుంటాయేమో, ఒళ్లు కాలిపోతోంది. "ఇదిగో చూడు, ఫోన్లో తాబేలమ్మ!" అంది వాళ్లమ్మ, వదినను చూపిస్తూ. అంత జ్వరంలోనూ పాప ముఖం వెలిగింది. చెయ్యి చాపేసింది. వదిన మంచం అంచున కూర్చుంది.

"తల్లీ, ఫోన్లో చెప్పింది నేను కాదు. నొప్పి పుడుతుంది."

"నువ్వే! నీ గొంతే!" పాప నవ్వింది. "నాకు మొత్తం వచ్చు. నొప్పి ఉండదు, ఉఫ్!"

"లేదమ్మా, నిజంగా పుడుతుంది. అరవొచ్చు."

"ఆటపట్టిస్తున్నావ్!"

వాళ్లమ్మ కూడా నవ్వేసింది. జ్వరం చూస్తే ఆగేలా లేదు. వదిన గుచ్చింది.

పాప అరవలేదు. కళ్లు పెద్దవి చేసుకుని వదిన ముఖంలోకే చూసింది. కాసేపటికి ఏడుపు వచ్చింది గానీ చూపు తిప్పలేదు. ఆ చూపు నాకే తట్టుకోవడం కష్టమైంది, వదిన సంగతి చెప్పక్కర్లేదు.

మర్నాడు సూది పెట్టిన చోట వాచింది. వేరేచోట మార్చడానికి వదిన వెళ్తే, పాప రెండు చేతులూ వీపు వెనక దాచుకుంది. "ఈమె వద్దమ్మా. అబద్ధాలు చెబుతుంది" అంది. ఇంకో నర్సును పిలవాల్సి వచ్చింది.

ఆ సాయంత్రం వదిన నా కౌంటర్ దగ్గరికి వచ్చింది. "వాళ్లకు మళ్లీ రాయి" అంది.

"ఆ మాట మార్చమనేనా?"

"కాదు. నా పేరు తీసేయమని. ఆ కథ నాది కాదని రాయి."

"నీది కాకపోతే ఎవరిది వదినా? తాబేలూ ఉడుతా నీవే కదా!"

"పిల్లలందరికీ ఇప్పుడు నోటికొచ్చింది వాళ్ల కథే" అంది. గొంతు తగ్గించింది, తన గొంతు తనకే గిట్టనట్టు. "ఇవాళ నలుగురికి సూదులు వేశాను. ఒక్కరి దగ్గరా నేను నోరు తెరవలేదు."